సీతాఫలం గుట్టలా కనిపిస్తే అది మోసమెలా అవుతుంది?

నిరుడు మహబూబ్‌నగర్ మార్కెట్లో కొన్న బాలానగర్ సీతాఫలం కాయనొకదాన్ని కిటికీ దగ్గర పెట్టి, నలుపు తెలుపుల్లో తీసిన ఫొటోను ఒక పోటీకి పంపాను. అందులో కాయ కాయలా కాక, ఒకదాని మీదొకటి పేర్చిన బండల గుట్టలాగా కనిపిస్తుంది. కంప్యూటర్లో అతికించిన బొమ్మ అంటూ నిర్వాహకులు దాన్ని పక్కన పెట్టారు. నేను తీసేసింది రంగు, ఫ్రేము అంచులు మాత్రమే. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తూనే ఉంది.

భ్రమ పుట్టేది కలపడం వల్ల కాదు, ఆనవాళ్లను దాచడం వల్ల. రంగు పోతే పచ్చదనం పోతుంది; తొడిమ, పళ్లెం, చెయ్యి ఫ్రేములో లేకపోతే కొలత పోతుంది. కళ్లు విచ్చిన కాయైతే సందుల్లోని లేత పసుపు తెల్లని గీతలై గుట్టు బయటపెడుతుంది కనుక, ఏరి ఏరి పచ్చికాయనే తీసుకున్నాను. కిటికీ కింది సగాన్ని అట్టముక్కతో మూసి, వెలుగు పైనుంచి ఏటవాలుగా పడేటట్టు చేశాను. దగ్గరి వస్తువు ముందూ వెనకా మసకబారితే అది చిన్నదని కన్ను ఇట్టే పసిగడుతుంది, దూరాన ఉన్న గుట్ట అలా మసకబారదు. అందువల్ల కాయంతా స్పష్టంగా వచ్చేలా లెన్సు ద్వారాన్ని ఎఫ్/16కు, అంటే బాగా చిన్నగా కుదించి, తగ్గిన వెలుగుకు సరిపడా స్టాండు మీద ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వవలసి వచ్చింది. 1930లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ క్యాప్సికంను రేకు గరాటులో నిలబెట్టి, ద్వారాన్ని మరింత చిన్నది చేసి, నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చి తీసిన ఫొటోలో చాలామందికి ముడుచుకున్న మనిషి దేహం కనిపిస్తుంది. అక్కడా అతుకు లేదు.

నా ఫొటోను తలకిందులు చేస్తే బుడిపెలన్నీ గుంటలవుతాయి, ఎందుకంటే వెలుగు పైనుంచే వస్తుందని మన చూపు ముందే నమ్ముకుని ఉంటుంది. (పిల్లలకు చూపించండి, ఎంత సంబరపడతారో!) రంగుల ఫొటోకు ఫోనులో ఒక ఫిల్టరు తగిలించి, నీడలన్నీ బొగ్గులా మాడ్చి, దాన్నే కళాఖండం అనేవారికి ఈ ఓపిక లేదని కూడా చెప్పక తప్పదు.

నల్గొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో, బయట సూర్యుడు ఎంత కదిలినా, లింగం వెనుక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దంతా అలాగే నిలిచి కనిపిస్తుంది. నేరుగా ఎండ పడకుండా, చెదిరిన వెలుతురు మాత్రమే స్తంభాల సందుల్లోంచి లోపలికి చేరేలా కట్టడం వల్ల కుదిరిన నేర్పు అది. వందల ఏళ్ల కిందటి ఆ శిల్పులను చేతులెత్తి మొక్కుతున్న మనం, అదే వెలుగునీడల పనిని కెమెరాతో చేసినవాణ్ని అనుమానించడం న్యాయమేనా?

అనుమానం వస్తే అసలు ఫైలు అడగవచ్చు. పచ్చటి కాయ, వెనుక పరిచిన పంచె మడత, పక్కన అట్టముక్క అంచు అన్నీ కనిపించే రంగుల ఫైలు నా దగ్గర అలాగే ఉంది. వాళ్లు అడగలేదు.