గూటి అడుగున ఏముందో చూశామా?

పసిఫిక్ మహాసముద్రంలోని గలాపగోస్ దీవుల్లో 1964లో సేకరించిన కీటకాల్లో ఒక ఈగ కూడా ఉంది. దాన్ని అప్పట్లో ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోలేదు. 1997లో పరిశోధకులు ఫించ్ పక్షుల గూళ్లు విప్పి చూస్తే అడుగున నెత్తురు తాగి ఉబ్బిన పురుగులు బయటపడ్డాయి. అవి ఆ ఈగ పిల్లలే. పేరు ఫిలోర్నిస్ డౌన్సీ. సొంతగడ్డ దక్షిణ అమెరికా ప్రధాన భూభాగం, ట్రినిడాడ్. దీవుల్లోకి చేరిన ఈగ చేస్తున్న పని తెలియడానికి కనీసం 33 ఏళ్లు పట్టింది. ప్రపంచంలో శాస్త్రవేత్తలు అంత శ్రద్ధగా గమనించే నేలలు చాలా తక్కువ. అక్కడే ఇంత ఆలస్యమైతే, మన కడప, అనంతపురం చెట్ల మీది గూళ్ల సంగతి ఏమిటన్నది నన్ను వదలని ప్రశ్న.

ఈ ఈగ మన ఇళ్లలో తిరిగే ఈగల కుటుంబానిదే. పెద్ద ఈగ పక్షి జోలికి పోదు. కుళ్లిన పళ్లు, పూల రసాలతో బతుకుతుంది. నెత్తురు కావలసింది దాని పిల్లలకే. తల్లి ఈగ గూట్లో గుడ్లు పెడుతుంది. పొదిగి వచ్చిన సన్నని పురుగులు కళ్లయినా తెరవని పక్షిపిల్ల ముక్కురంధ్రాల్లోకి దూరతాయి. కాస్త పెరిగాక బయటికొచ్చి గూటి అడుగున గడ్డిలో దాక్కుంటాయి. రాత్రి పైకి పాకి, పక్షిపిల్లల చర్మం గీరి నెత్తురు తాగి, మళ్లీ కిందికి దిగుతాయి. ఒక్కో గూట్లో పదుల సంఖ్యలో ఉంటాయి, ఒక్కోసారి వంద దాటుతాయి. పిల్ల చూస్తే కొన్ని గ్రాముల బరువు. నెత్తురు తగ్గి, నీరసించి, ఎగరకముందే చస్తుంది. బతికి బట్టకట్టిన వాటిలో కొన్నిటికి ముక్కురంధ్రాలు జీవితాంతం వికారంగా సాగిపోయి ఉంటాయి, దాంతో వాటి కూత కూడా మారుతుంది. ఫించ్ మగపక్షి కూతతోనే జోడీని పిలుస్తుంది కాబట్టి పురుగు చేసిన చేటు గూటితో ఆగదు. మడ అడవుల్లో ఉండే ఫించ్ జాతి ఇప్పుడు వంద పక్షుల దాకే మిగిలింది. 2014లో మొదలుపెట్టి కొన్నేళ్లు దాని గుడ్లను గూళ్ల నుంచి తెచ్చి, పొదిగించి, పిల్లల్ని పెంచి వదిలారు.

ముక్కులో పురుగు అనగానే మన గొర్రెల కాపరికి వెంటనే అర్థమవుతుంది. అనంతపురం బీళ్లలో మిట్టమధ్యాహ్నం గొర్రెలు ఒకదాని పొట్ట కింద మరొకటి తల దూర్చి, ముక్కులు నేలకు ఆనించి గుంపుగా నిలబడతాయి. ఎండ ఒక్కటే కారణం కాదు. గొర్రె ముక్కు ఈగ గుడ్లు పెట్టదు, బతికున్న పురుగుల్నే ముక్కు దగ్గర జారవిడుస్తుంది. అవి లోపలికి పాకి తలలోని గాలి గదుల్లో నెలల తరబడి ఉంటాయి. గొర్రె తుమ్ముతుంది, చీమిడి కారుతుంది, తల విదిలిస్తుంది. గాయానికి పట్టే పురుగు వేరే ఈగది. పచ్చి మాంసాన్నే తినేస్తుంది, పుట్టిన పిల్ల బొడ్డునూ వదలదు. ఈ రెండూ కాపరికి తెలుసు, పశువుల డాక్టరుకూ తెలుసు, మందులూ ఉన్నాయి. గొర్రెకు యజమాని ఉన్నాడు, సంతలో ధర ఉంది. గూట్లో పిల్లలు చస్తే లెక్క అడిగేవాళ్లు లేరు.

గలాపగోస్ గూళ్లను పట్టిన ఆ ఫిలోర్నిస్ ఈగ దక్షిణ అమెరికా ప్రధాన భూభాగంలో పక్షుల్ని ఇంతగా తుడిచిపెట్టడం లేదు. అక్కడ దాన్ని అదుపులో పెట్టే శత్రువులున్నాయి. కోనురా అనే చిన్న కందిరీగ ఈ ఈగ ప్యూపాలో (పురుగు ఈగగా మారే ముందు తొడుగులో ఉండే దశలో) గుడ్డు పెట్టి దాన్ని లోపలే తినేస్తుంది. దాన్ని గలాపగోస్‌కు తేవచ్చా అన్న పరీక్షలు జరుగుతున్నాయి. తొందరపడకపోవడమే మంచిది, ఒకసారి వదిలిన కందిరీగను వెనక్కి పిలవలేం. పక్షుల్లోనూ తేడా ఉంది. గలాపగోస్‌లోని మాకింగ్‌బర్డ్ అనే పక్షి పురుగు పట్టిన పిల్లలకు ఎక్కువసార్లు మేత తెచ్చి నష్టాన్ని కొంత పూడ్చుకుంటుంది, ఫించ్ ఆ పని చేయలేకపోతోంది. 2014లో పరిశోధకులు పెర్మెత్రిన్ అనే పురుగుమందు కలిపిన దూదిని గూళ్ల దగ్గర పెడితే ఫించ్‌లు తామే ముక్కున కరుచుకుపోయి అల్లుకున్నాయి. ఒక గ్రాము మందు దూది చేరిన గూళ్లలో పురుగు దాదాపు లేదు. దోమతెరలకు వాడే మందే అది.

ఇక మన దగ్గరికి వద్దాం. నెత్తురు తాగే గూటి పురుగులు దక్షిణ అమెరికా సొత్తు కాదు. ప్యాసెరోమియా అనే ఈగల జాతి ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియాల్లో పక్షి గూళ్లనే నమ్ముకుని బతుకుతుంది. అయినా మన పక్షి రక్షణ అంతా పెద్ద పక్షిని వెతకడం చుట్టూనే తిరుగుతోంది. నేల మీద తిరిగే అరుదైన పక్షి కలివికోడినే (జెర్డాన్స్ కోర్సర్) చూడండి. 1900 తర్వాత కనుమరుగై, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, కెమెరాలు పెట్టారు, తెలుగుగంగ కాలువ దారి గురించి కొట్లాడారు. కానీ దాని గుడ్డు చూడాలంటే స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియానికి పోవాలి. అది కలివికోడిదేనని డీఎన్ఏ పరీక్షతో తేల్చారు. కలివికోడికి ఈ ఈగల బెడద పెద్దగా ఉండకపోవచ్చు, ఆ కుటుంబం పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి, పిల్లలు త్వరగా లేచి నడుస్తాయి. పురుగుకు రోజుల తరబడి కదలని పిల్ల కావాలి. రెండు వారాలకు పైగా గూట్లోనే ఉండే గిజిగాడి పిల్ల అలాంటిదే.

గిజిగాడి గూళ్లు మన బావుల మీద, ఈత చెట్లకు, తుమ్మ కొమ్మలకు కావలసినన్ని. వానలు వెనకబట్టాక పిల్లలు ఎగిరిపోతాయి. ఈగ మాత్రం తన గుర్తు అక్కడే వదిలిపోతుంది. గూటి అడుగు పీచు విప్పితే గోధుమరంగు ఖాళీ ప్యూపా తొడుగులు దొరుకుతాయి. వాటిని లెక్కపెడితే ఆ గూట్లో ఎన్ని పురుగులు పెరిగాయో తెలిసిపోతుంది, ఒక్క పక్షికీ ఇబ్బంది ఉండదు. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల, అనంతపురం కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడప వేమన విశ్వవిద్యాలయం విద్యార్థులు అటవీశాఖ అనుమతితో ఏటా చేయదగ్గ పని ఇది, పెద్ద ఖర్చూ లేదు. ఊరు, తేదీ, చెట్టు, తొడుగుల లెక్క రాసి, తొడుగుల్ని చిన్న సీసాల్లో దాస్తే చాలు. రేపు ఏ కొత్త ఈగ వచ్చినా పోల్చి చూసుకోవడానికి మన దగ్గర ఒక లెక్క ఉంటుంది.