చెరువు కట్ట మీదికి కారు ఎందుకు?

మన ఊళ్లలో రోడ్డుకు ఒక వరస ఉంది. ముందు బండ్ల బాట. తర్వాత మొరం పోసిన దారి. దాని మీద కంకర తొక్కిస్తే డబ్ల్యూబీఎం, ఆపైన తారు వేస్తే బీటీ, అన్నిటికన్నా మీద సిమెంటుతో వేసే సీసీ. సర్పంచి ఎన్నికల్లో జనం అడిగేదీ, గెలిచినవాళ్లు చూపించుకునేదీ ఈ మెట్లే. ఊరికి పోయే దారి విషయంలో ఇందులో తప్పేమీ లేదు. వానాకాలంలో నిండు చూలాలిని దవాఖానకు తీసుకుపోవాలంటే తారు రోడ్డు ఉండి తీరాలి. నా అభ్యంతరం ఒక్కటే. ఇదే లెక్కను చెరువు కట్టకూ, అడవి బాటకూ పెడుతున్నాం. అక్కడ మొరం దారి సగంలో ఆగిపోయిన పని కాదు, పూర్తయిన పనే. దాని మీదికి కార్లు రాకుండా చూసుకోవడమే మిగిలింది.

ఈ సంగతి నాకు జర్మనీలో తలకెక్కింది. బెర్లిన్ నుంచి రోస్టాక్ పోయే ప్రాంతీయ రైల్లోకి సైకిల్‌ను కూడా ఎక్కించుకోవచ్చు, దానికి వేరే టికెట్ తీసుకుంటే చాలు. దారిలో వారెన్ అనే చిన్న పట్నం వస్తుంది. అది మ్యూరిట్స్ సరస్సు ఒడ్డున ఉంది. పూర్తిగా జర్మనీ హద్దుల్లోనే ఉన్న సరస్సుల్లో ఇదే పెద్దది, 117 చదరపు కిలోమీటర్లు. చుట్టూ తిరిగి రావాలంటే 80 కిలోమీటర్ల పైచిలుకు తొక్కాలి. ఇళ్లు వెనకబడ్డాక బాట పైన్ చెట్ల కిందికి మళ్లుతుంది. రాలిన ఆకులు సూదుల్లా పరుచుకుని, వాటి కింద సన్న కంకర. మరమరాలు నమిలినట్టు టైరు కింద కరకర. అంతకు మించి చప్పుడు లేదు.

అక్కడ నేను చూసిన దృశ్యం ఒకటి ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఆరేడేళ్ల పాప చిన్న సైకిల్ మీద, సరిగ్గా దారి మధ్యలో, అటూ ఇటూ ఊగుతూ తొక్కుకుంటూ పోతోంది. తల్లి వంద గజాలు వెనక, నీళ్ల వైపు చూస్తూ వస్తోంది. 'పక్కకు రా' అని ఒక్కసారి కూడా కేక వేయలేదు. మన దగ్గర పిల్లలకు సైకిల్ నేర్పేటప్పుడు ముందుగా నేర్పేది ఆ మాటే కదా. ఆ తల్లికి దాని అవసరం ఎందుకు లేదో ఆలోచిస్తే మిగతాదంతా అర్థమవుతుంది.

తూర్పు ఒడ్డున ఉన్నది మ్యూరిట్స్ నేషనల్ పార్క్. అక్కడి అడవి దారుల్లో చాలా భాగం సొంత కార్లకు మూసేశారు. అంచున ఉన్న ఊళ్లలో కారు ఆపి, అక్కడి నుంచి నడవాలి, సైకిల్ తొక్కాలి, లేదంటే సీజన్‌లో తిరిగే పార్క్ బస్సు ఎక్కాలి. ఆ బస్సు సైకిళ్లను కూడా మోసుకుపోతుంది. దారి తయారీ చూస్తే మనవాళ్లకు కొత్తేమీ కాదు. కింద లావు కంకర, పైన సన్న కంకర, దాని మీద రాతి పొడి, నీళ్లు చల్లి రోలర్‌తో తొక్కించడం. మధ్యలో కాస్త ఎత్తు ఉంచుతారు, వాన నీరు రెండు పక్కలకూ జారిపోతుంది. మనం డబ్ల్యూబీఎం అనేది దీన్నే. జర్మనీ అడవుల్లో ఇలాంటి దారులు మొదట వేసింది సైకిళ్ల కోసం కాదు, దుంగలు మోసే లారీల కోసం. అడవి దారుల మొదట్లో అడ్డు కర్ర ఉంటుంది, అటవీ శాఖ వాళ్ల దగ్గర తాళం ఉంటుంది. 1975 నాటి జర్మన్ అటవీ చట్టం విహారం కోసం అడవిలోకి వెళ్లే హక్కు అందరికీ ఇచ్చింది. సైకిల్ మాత్రం దారుల మీదే తొక్కాలంది. హక్కూ, హద్దూ ఒకే చోట రాసిపెట్టారు.

ఆ పార్క్ పుట్టిన తీరు ఇంకా ఆసక్తికరం. తూర్పు జర్మనీ అనే దేశం 1990 అక్టోబర్ 3న పశ్చిమంలో కలిసిపోయింది. అంతకు మూడు వారాల ముందు, సెప్టెంబర్ 12న, దాని చివరి మంత్రివర్గం అయిదు నేషనల్ పార్కులను, ఆరు బయోస్పియర్ రిజర్వులను, మూడు నేచర్ పార్కులను ప్రకటించింది. దీని వెనక నిలబడ్డ మనిషి మిషాయెల్ సుకో అనే జీవశాస్త్రవేత్త. అంతకుముందు మ్యూరిట్స్ అడవిలో పెద్ద భాగం ప్రభుత్వ పెద్దల వేటకూ, సైన్యం శిక్షణకూ కేటాయించి ఉండేది. మామూలు మనిషి అడుగుపెట్టలేని చోటు. ఇంకో ఏడాది ఆలస్యమైతే ఆ ఒడ్డున ఎన్ని హోటళ్లు లేచేవో ఊహించుకోవచ్చు. ఇప్పుడు అక్కడ కరెంటు టవర్ల కొసన గూళ్లు కట్టుకునే ఆస్ప్రేలు ఉన్నాయి. మన తెలుగులో కోరమీను గద్ద. చలికాలంలో మన చెరువుల మీదా వాలే పక్షే అది.

దొరల వేట అడవులు మనకూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని హరిణ వనస్థలి నిజాం వేటాడిన నేల. మెదక్ దగ్గరి పోచారం అడవీ అంతే. 1916–22 మధ్య అక్కడి వాగుకు కట్ట వేస్తే పోచారం చెరువు ఏర్పడింది. చుట్టూ ఉన్న అభయారణ్యం సుమారు 130 చదరపు కిలోమీటర్లు. మెదక్ నుంచి గంట సేపు తొక్కితే చేరుకోవచ్చు. 2022 నుంచి మెదక్‌కు కాచిగూడ ప్యాసింజర్ కూడా ఉంది. వరంగల్ వైపు పోతే 1213 ప్రాంతంలో గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల చెరువు. దాన్ని ఆనుకుని 860 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. అడవీ, నీళ్లూ, మొరం నేలా మూడూ ఒక్కచోటే ఉన్నాయి. దక్కన్ గ్రానైట్ లక్షల ఏళ్లు ఎండకూ వానకూ చితికి మొరం అయ్యింది. యూరప్ వాళ్లు క్వారీలో రాయి పగలగొట్టి తెచ్చుకునేది మనకు కాళ్ల కింద పడి ఉంది.

దాని మీద సైకిల్ తొక్కడం కూడా మనకు కొత్త కాదు. కంకర దారుల కోసమని లక్ష రూపాయలు పెట్టి కొంటున్న గ్రావెల్ సైకిల్ టైరు వెడల్పు 40 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. రెండు పాల క్యాన్లు వేలాడదీసుకుని కట్ట మీద పోయిన మన నల్ల సైకిల్ టైరు ఇంచున్నర, అంటే దాదాపు అంతే. గంటకింతని అద్దె సైకిళ్ల షాపులో తెచ్చుకుని మేం తొక్కడం నేర్చుకున్నదీ కట్ట మీదే. ఒక పక్క నీళ్లు, ఒక పక్క వరి మళ్లు, ఎదురొస్తే బర్రెలు రావాలి. అంతే భయం.

ఆ కట్ట మీదికే మొన్న చలికాలంలో మళ్లీ పోయాను. ఆదివారం సాయంత్రం. తూము దగ్గర నాలుగు కార్లు, డోర్లు తెరిచి పాటలు. కట్ట ఇరుకు కాబట్టి వెనక్కి తిప్పలేక ఒకాయన అర కిలోమీటరు రివర్స్‌లో వచ్చాడు, ఆ దుమ్ము వాలేదాకా కళ్లు తెరవలేకపోయాం. మత్తడి పక్కన పగిలిన సీసాల పెంకులు. రెండు టైర్లూ పంక్చరై సైకిల్‌ను ఊళ్లోకి నడిపించుకుంటూ వస్తుంటే, గడ్డి మోపుతో ఎదురైన ఒక అవ్వ అంది: "చెప్పుల్లేకుండ కట్ట మీద నడుస్తలేం బిడ్డా ఇప్పుడు." నా పంక్చర్ కన్నా ఆ మాట పెద్దది. కారు వచ్చిన చోట సైకిల్ ఒక్కటే పోదు, కాళ్లు కూడా పోతాయి.

మిషన్ కాకతీయ కింద 46 వేల పైచిలుకు చెరువుల పునరుద్ధరణ తలపెట్టినప్పుడు చాలా కట్టలు వెడల్పయ్యాయి, గట్టిపడ్డాయి. సేద్యానికి అది మేలే. నియోజకవర్గానికో మినీ ట్యాంక్‌బండ్ అన్నారు. టైల్స్, రెయిలింగ్, లైట్లు, పార్కింగ్ వచ్చాయి. సాయంత్రం పూట కుటుంబాలు కూర్చోవడానికి చోటు దొరికింది, కాదనను. కానీ పార్కింగ్‌ను కట్ట దాకా తెచ్చాక కట్ట రోడ్డయిపోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మంచి కట్టడం, ఎండకు నీడ ఇస్తుంది. అయితే పక్కనే లారీల హోరు. ఖర్చు లేని పని మన దగ్గరే ఒకసారి జరిగింది. 2021లో ఆదివారం సాయంత్రాలు హుస్సేన్‌సాగర్ ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేశారు. రోడ్డు అదే, కట్ట అదే. పిల్లలను వదిలేసి తల్లిదండ్రులు తాపీగా నడిచారు.

అభ్యంతరాలు ఉంటాయి, కొన్ని న్యాయమైనవి. పాకాల అడవిలో ఎలుగుబంట్లున్నాయి, చిరుతలున్నాయి. సైకిళ్లను ఎక్కడ పడితే అక్కడికి వదలమని నేననను. మ్యూరిట్స్‌లో కూడా గుర్తులు పెట్టిన దారి దాటి తొక్కనివ్వరు. పొద్దెక్కాక మొదలుపెట్టి చీకటి పడకముందే ముగించాలి, చెరువు చుట్టూ ఒకే దారి ఉండాలి, పక్షులు గుడ్లు పెట్టే, జంతువులు పిల్లల్ని కనే కాలంలో పూర్తిగా మూసేయాలి. ఇలా పెడితే ఇప్పుడు సఫారీ పేరుతో తిరిగే జీపు కన్నా సైకిల్ వల్ల అడవికి కలిగే ఇబ్బంది తక్కువే. ఆడవాళ్లు ఒంటరిగా పోగలరా అనేది ఇంకా బరువైన ప్రశ్న. దానికి కెమెరా జవాబు కాదు, మనుషులు జవాబు. ఊరి యువతకు సైకిళ్లు అద్దెకిచ్చే పని, దారి కాపలా పని అప్పగిస్తే కట్ట మీద ఎప్పుడూ తెలిసిన ముఖం ఒకటి ఉంటుంది.

రైతుకు ట్రాక్టర్ కట్ట మీద పోవాల్సిందే అన్నది అన్నిటికన్నా న్యాయమైన అభ్యంతరం. నాట్లప్పుడు, కోతలప్పుడు ఆ దారి మూస్తే ఊరు ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. కానీ చెరువు నీళ్లు ఎప్పుడు వదలాలో, తూము ఎంత ఎత్తాలో చూసే మనిషి మన ఊళ్లలో ముందే ఉన్నాడు, నీరటి. కట్ట రెండు కొసల్లో రెండేసి కడీలు పాతాలి. నల్లగొండ వైపు తోటలకు పాతే గ్రానైట్ కడీలు చాలు. వాటి మధ్య బర్రె పట్టేంత సందు, గడ్డి మోపుతో మనిషి పట్టేంత సందు ఉంచాలి. పక్కన ట్రాక్టర్ పట్టే వెడల్పులో ఇనుప పైపు అడ్డం, దానికో తాళం. తాళంచెవి నీరటి మొలతాడుకు.