‘నలభై దాటిన ప్రతి స్త్రీ చదవాలి’ అన్న మెసేజ్‌కి ఒక ల్యాబ్ మనిషి జవాబు

చెన్నైలో మా వడపళని, కోడంబాక్కం వైపు తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ కొన్నాళ్ళుగా తిరుగుతోంది. పైన తామరపువ్వు బొమ్మ, దాని కింద ‘నలభై దాటిన ప్రతి స్త్రీ తప్పక చదవాలి, పదిమందికి పంపాలి’ అన్న హుకుం. లోపల ఉన్నది క్లుప్తంగా ఇదీ. ముట్లు ఆగితే చెడు రక్తం ఒంట్లోనే నిలిచిపోతుంది. నలభై రాగానే హార్మోన్ టెస్టు చేయించుకోవాలి. ఆగిపోయే ముందు ఎక్కువగా పోవడం మంచిదే, ఆగాక మళ్ళీ కనబడితే ఒంట్లో ఇంకా సత్తువ ఉన్నట్టు. పిల్లలు పుట్టేశాక గర్భసంచి తీయించేసుకుంటే క్యాన్సర్ బెడద ఉండదు. హార్మోన్ మాత్రలు మింగితే రొమ్ము క్యాన్సర్ ఖాయం. ఫలానా గింజల పొడి మూడు నెలలు తింటే అన్నీ సర్దుకుంటాయి. అసలు మన అమ్మమ్మలకు ఇవేవీ లేవు, సుఖం ఎక్కువై వచ్చిన జబ్బులివి. చివర్లో పొడి కోసం ఒక ఫోన్ నంబరు.

నేను రక్తపరీక్షల సెంటర్లో పనిచేస్తాను. డాక్టర్ని కాదు. కానీ ఈ మెసేజ్ చదివి మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళనీ, చదివి రాకుండా ఇంట్లో ఉండిపోయి ఆలస్యంగా వచ్చేవాళ్ళనీ చూస్తున్నాను. దాంట్లో అబద్ధాలు ఉన్నాయన్నది పెద్ద వింత కాదు. భయపడక్కర్లేని చోట భయపెట్టి, పరుగెత్తాల్సిన చోట జోకొట్టింది. నా గొడవల్లా అదే.

చెడు రక్తం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందులో పెద్దగా ఏమీ లేదు. నెలనెలా పోయేది గర్భసంచి లోపలి పొర, దాంతోపాటు కాస్త రక్తం. ఆ రక్తం, నేను చేతి నరంలోంచి సిరంజితో తీసే రక్తం ఒకటే. మామూలుగా ఒక నెలసరిలో పోయేది 30, 40 మిల్లీలీటర్లు. ఒంట్లో మలినాలు బయటికి పంపే పని కాలేయానిది, మూత్రపిండాలది. ముట్లు ఆగాక లోపలి పొర పెరగదు కాబట్టి పోవడానికీ ఏమీ ఉండదు, నిలవడానికీ ఏమీ ఉండదు. అలాగని కీళ్ళనొప్పులు, పొట్ట చుట్టూ కొవ్వు అబద్ధం అనను. అవి నిజమే. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గితే కొవ్వు తుంటి వైపు నుంచి పొట్ట వైపు చేరుతుంది, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కీళ్ళు పట్టేస్తాయి. బాధ నిజం, కారణం మాత్రం కట్టుకథ.

ఇక హార్మోన్ టెస్టు. ఇది మా అన్నం, కాబట్టి జాగ్రత్తగా రాయాలి. (మా ఓనరు ఇది చదవకపోతే ఇంకా మంచిది.) ‘విమెన్ హార్మోన్ ప్యాకేజీ’ అడుగుతూ వచ్చేవాళ్ళకు అందులో కావలసింది ఎఫ్‌ఎస్‌హెచ్ నంబరు. అండాశయాలు సరిగ్గా స్పందించకపోతే మెదడు దగ్గరి పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోన్ని ఎక్కువగా వదులుతుంది. పెరిగిందంటే మెనోపాజ్, అంటే ముట్లు పూర్తిగా ఆగిపోవడం, అని లెక్క. చిక్కేమిటంటే, ముట్లు ఆగడానికి ముందు వచ్చే ఆ కొన్నేళ్ళలో ఈ నంబరు నిలకడగా ఉండదు. ఒకే మనిషికి ఒక నెల చాలా ఎక్కువగా వచ్చి, తర్వాతి నెల ఇరవై ఏళ్ళ పిల్లకు వచ్చినట్టు రావచ్చు. అందుకే 45 దాటినవాళ్ళలో లక్షణాలను బట్టే పోల్చుకోవాలి, ఎఫ్‌ఎస్‌హెచ్ అక్కర్లేదు అని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2015లోనే డాక్టర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే మెనోపాజ్ అంటారు. దానికి క్యాలెండర్ చాలు. మన దేశంలో సగటున అది 46, 47 ఏళ్ళకు వస్తుంది, అమెరికా, ఐరోపాలో 51 దగ్గర.

ఈ టెస్టు ముఖ్యంగా ఎవరికి కావాలంటే, 40 లోపే ముట్లు ఆగిపోయినవాళ్ళకి. వాళ్ళు తప్పకుండా చేయించుకోవాలి, డాక్టర్ని కలవాలి. అంత చిన్న వయసులో ఈస్ట్రోజెన్ లేకపోతే ఎముకలకీ గుండెకీ నష్టం. కానీ మెసేజ్‌లో వాళ్ళ ఊసే లేదు. మిగతావాళ్ళు ఆ డబ్బు హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, షుగరు, కొలెస్ట్రాల్ మీద పెట్టండి. అలసట, గుండెదడ, జుట్టు రాలడం, నిద్ర పట్టకపోవడం – ఇవన్నీ ‘మెనోపాజ్ టెన్షన్’ అనుకున్నవాళ్ళలో థైరాయిడో రక్తహీనతో బయటపడటం మాకు కొత్త కాదు.

‘ఆగిపోయే ముందు ఎక్కువగా పోవడం మంచిదే.’ నాకు ఒళ్ళు మండింది ఈ మాటకే.

ఆ మధ్య ఒకావిడ ఇదే హార్మోన్ ప్యాకేజీ అడుగుతూ వచ్చింది. నలభై అయిదు ఉంటాయేమో. మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాక రెండు నిమిషాలు మాట రాలేదు. చెయ్యి చాపితే అరచేతి గీతలు కూడా తెల్లగా ఉన్నాయి.

‘బాగా పోతోందా అమ్మా?’ అన్నాను.

‘పోతోందండీ. పది రోజులు. గడ్డలు గడ్డలుగా. ఆగిపోయే ముందు అంతేనంట కదా, మా తోడికోడలు మెసేజ్ పంపింది.’

హార్మోన్ సంగతి పక్కన పెట్టి ముందు హిమోగ్లోబిన్ చేద్దామన్నాను. 6.2 వచ్చింది. ఆడవాళ్ళకు 12 ఉండాలి. అదే సాయంత్రం ఆవిణ్ణి ఆసుపత్రికి పంపించాం.

ఆగిపోయే ముందు ముట్లు అటూఇటూ అవడం మామూలే. ఒక నెల రావు, ఒక నెల తొందరగా వస్తాయి. గంటకో ప్యాడ్ మార్చాల్సి రావడం, వారం దాటినా ఆగకపోవడం, గడ్డలు పడటం, మెట్లెక్కితే ఆయాసం – ఇవి మామూలు కాదు. ఫైబ్రాయిడ్ (గర్భసంచి కండలో పెరిగే గడ్డ) ఉండొచ్చు, పాలిప్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ) ఉండొచ్చు, లోపలి పొర మందమై ఉండొచ్చు. స్కాన్ చేస్తే తెలుస్తుంది. రక్తం తగ్గించే మాత్రలున్నాయి, గర్భసంచి లోపల అమర్చే హార్మోన్ కాయిల్ ఉంది. ఐరన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అదే వాక్యంలో రెండో సగం, ‘ఆగాక మళ్ళీ కనబడితే సత్తువ’ అన్నది, ఇంకా ఘోరం. ఏడాది పాటు ఆగిపోయాక చుక్క రక్తం కనబడినా, ఒక్కసారే కనబడినా, లేత గులాబీ మరకైనా సరే, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. సత్తువ కాదు, సంకేతం. అలా వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి కారణం చిన్నదే అవుతుంది: లోపలి పొర పల్చబడటం, పొడిబారడం, పాలిప్. కానీ దాదాపు పదిమందిలో ఒకరికి గర్భసంచి పొర క్యాన్సర్ తేలుతుంది. ఈ క్యాన్సర్ వచ్చినవాళ్ళలో నూటికి తొంభైమందికి మొదట కనబడేది రక్తమే. అంటే తొందరగా దొరికే క్యాన్సర్ ఇది, మనం దాచుకోకపోతే. యోని ద్వారా స్కాన్ చేసి పొర మందం చూస్తారు, నాలుగైదు మిల్లీమీటర్లు దాటితే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. చెన్నైలో ‘అడయార్‌కి వెళ్ళమన్నారు’ అంటే చాలు, ఇంట్లోవాళ్ళ మొహాలు మాడిపోతాయి. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పూనుకుని పెట్టించిన క్యాన్సర్ ఆసుపత్రి అది. ఆ పేరు చెప్పి భయపడి ఆర్నెల్లు ఆగి వెళ్ళడం కన్నా, భయం లేని రోజునే స్కాన్‌కి వెళ్ళడం మేలు.

ఇప్పుడు గర్భసంచి. ‘పిల్లలయ్యాక దాంతో పనేంటి, తీయించేసుకుంటే పీడ పోతుంది’ అన్న మాట మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎంత మామూలుగా వినబడుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. లెక్కలూ అదే చెబుతున్నాయి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలోకెల్లా మనమే ముందు! ఆపరేషన్ నాటికి మధ్యస్థ వయసు 34. వాటిలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవి. తెల్లబట్ట అవుతోందని వెళ్ళిన పిల్లకు ‘ముదిరితే క్యాన్సర్ అవుతుంది’ అని చెప్పి టేబుల్ ఎక్కించిన కథలు మా బంధువుల్లోనే ఉన్నాయి. తెల్లబట్టకు చాలాసార్లు కావలసింది ఇన్‌ఫెక్షన్ మందు. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ భయం ఉంటే 30 దాటాక ఆ ముఖద్వారం దగ్గర దూదిపుల్లతోనో బ్రష్‌తోనో తీసి చూసే హెచ్‌పీవీ పరీక్షో పాప్ స్మియరో ఉంది. కత్తి ఆఖరి మాట కావాలి, మొదటి మాట కాదు. పెద్ద ఫైబ్రాయిడ్లకో, మందులకు లొంగని రక్తస్రావానికో, క్యాన్సర్‌కో డాక్టర్ తీయాలంటే అది వేరు, తీయించుకోవాల్సిందే.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గర్భసంచి తీయడం, అండాశయాలు తీయడం రెండూ ఒకటి కాదు. సంచి ఒక్కటే తీస్తే ముట్లు ఆగుతాయి గానీ అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి, మెనోపాజ్ దాని టైముకి (కొందరికి కాస్త ముందుగా) వస్తుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఆ వారమే మెనోపాజ్. ఆవిర్లు (ఉన్నట్టుండి ఒళ్ళు వేడెక్కి చెమటలు పట్టడం), నిద్రలేమి, ఎముకల బలహీనత, గుండెకి ప్రమాదం అన్నీ ముప్పైల్లోనే మొదలు. సూళ్ళూరుపేట లోకల్ ఎక్కి వచ్చే మా పేషెంట్లను ‘అండాశయాలు ఉంచారా?’ అని అడిగితే ‘అంతా తీసేశారంట’ అంటారు, అంతకు మించి తెలియదు. ఇంట్లో ప్లాస్టిక్ కవర్లో డిశ్చార్జి సమ్మరీ ఉంటే తీసి చూడండి. ఆపరేషన్ పేరు దగ్గర ‘బీఎస్‌ఓ’ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటే రెండు అండాశయాలూ పోయినట్టు. ఉంటే, వయసు 45 లోపు అయితే, ఆ కాగితం పట్టుకుని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. అలాంటివాళ్ళకు మామూలు మెనోపాజ్ వయసు వచ్చేదాకా హార్మోన్ ఇవ్వడమే సాధారణ పద్ధతి, ఇవ్వకూడని కారణం ఏదీ లేకపోతే.

హార్మోన్ అనగానే ‘రొమ్ము క్యాన్సర్ ఖాయం’ అంటుంది మెసేజ్. ఈ భయానికి పుట్టినతేదీ ఉంది. 2002 జులైలో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రకం మందు రెండూ కలిపి ఇచ్చిన భాగాన్ని మధ్యలో ఆపేశారు. 16,608 మంది ఆడవాళ్ళు, సగటు వయసు 63. అంటే ముట్లు ఆగి పదేళ్ళు దాటినవాళ్ళే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని పేపర్లన్నీ రాశాయి. అదే లెక్కను మనుషుల్లో చెబితే: ఏడాదికి 10,000 మందిలో మందు వాడనివాళ్ళలో 30 మందికి, వాడినవాళ్ళలో 38 మందికి. ఎనిమిది మంది ఎక్కువ. తీసిపారేసే అంకె కాదు. ‘ఖాయం’ అయితే అసలే కాదు. గర్భసంచి లేనివాళ్ళకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగనే లేదు. 2025 నవంబర్‌లో అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీది పెద్ద హెచ్చరికలో చాలా భాగం తీసేయిస్తున్నట్టు ప్రకటించింది కూడా.

అరవై లోపు, లేదా ముట్లు ఆగిన పదేళ్ళ లోపు, ఆవిర్లతో నిద్ర లేక అల్లాడేవాళ్ళకు దీనంత బాగా పనిచేసే మందు లేదు. గర్భసంచి ఉంటే ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ కలిపి తీరాలి, లేకపోతే లోపలి పొర మందమవుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కాళ్ళలో రక్తం గడ్డకట్టినవాళ్ళు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ళు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్ళు దీని జోలికి వెళ్ళకూడదు. కాబట్టి పక్కింటి వదిన చీటీ చూపించి మందుల షాపులో కొనుక్కునే మందు కాదిది. ఇంకో మాట. మూత్రం మంట అని మాటిమాటికీ యాంటీబయాటిక్ మింగి, కల్చర్ (మూత్రంలో క్రిమి పెరుగుతుందా అని చూసే పరీక్ష) చేయిస్తే మా రిపోర్టులో ‘నో గ్రోత్’ అని వచ్చే పెద్దావిడలు ఎంతమందో. క్రిమి లేదు, ఉన్నది పొడిబారడం. యోని దగ్గర రాసే తక్కువ డోసు ఈస్ట్రోజెన్ క్రీముతో పోయేది. ఒంట్లోకి ఎక్కేది బహు స్వల్పం. సిగ్గుతో చెప్పుకోక ఏళ్ళ తరబడి పడుతుంటారు.

గింజల పొడి గురించి ఎక్కువ రాయను. నువ్వులు, అవిసెలు తినండి, మంచివే. అండాశయం మానేసిన పనిని అవి తిరిగి చేయించలేవు. నూరు గ్రాముల రాగిలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, రోజుకు కావలసింది 1,000 నుంచి 1,200. ఆ పొడి డబ్బుతో రాగిపిండి, పాలు కొనుక్కుని, రోజూ నడిచి, కాస్త బరువులెత్తితే ఎముకకు ఉపయోగం. డబ్బా మీద ఏం కలిపారో రాయని పొడి నాకైతే ముట్టుకోవాలనిపించదు.

అమ్మమ్మలకు ఈ ఆవిర్లు లేవట! మెదడులో ఒంటి వేడిని చూసుకునే చోట ఈస్ట్రోజెన్ తగ్గి తూకం తప్పుతుంది, కొంచెం వేడికే ‘మండిపోతున్నాను’ అనుకుని చెమట పట్టించేస్తుంది. ఛాతీ మీద మొదలై మెడకీ మొహానికీ పాకి, రెండు నిమిషాల్లో పోయి, వెనకే వణుకు. కత్తిరి ఎండల్లో మన చెన్నైలో అది ఎండో ఆవిరో కూడా తెలియదు. ఈ ఆవిర్లు సగటున ఏడేళ్ళ పైనే ఉంటాయని అమెరికాలో ఇంకో అధ్యయనంలో తేలింది. మా అమ్మమ్మ మాఘమాసంలో కూడా వాకిట్లో మంచం వేసుకునేది, దగ్గరికి వెళితే కసిరేది. ఎవరూ ఎందుకని అడగలేదు, అంతే.

చివరిగా ఆ మెసేజ్ కింద ఒకావిడ పెట్టిన మాట: ‘నాకు మూడు నెలల నుంచి రావట్లేదు, ఇక ఆ జాగ్రత్తల గొడవ లేదు.’ ఉంది తల్లీ. ముట్లు తప్పుతున్న కాలంలోనూ అప్పుడప్పుడూ అండం విడుదలవుతుంది. 50 దాటాక ఆగితే ఒక ఏడాది, 50 లోపే ఆగితే రెండేళ్ళు గర్భం రాకుండా జాగ్రత్త పడాల్సిందే. మెనోపాజ్ టెస్టు చేయమని వచ్చిన ఒకావిడకు, డాక్టర్ సలహా మీద ముందు యూరిన్ కార్డు వేస్తే రెండు గీతలు వచ్చాయి. కాలేజీకి వెళ్ళే కూతురు పక్కనే కూర్చుని ఉంది.