మెయింటెనెన్స్ రిజిస్టరు గారికి ఒక ఎలక్ట్రీషియన్ విన్నపం

మహారాజశ్రీ మెయింటెనెన్స్ రిజిస్టరు గారి సముఖానికి,

భీమవరం నుంచి లైసెన్సు గల ఒక ఎలక్ట్రీషియన్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం మాత్రం అడగను. మీ ప్రతి పేజీలో, ప్రతి గడిలో ‘ఓకే’ అని రాసే ఉంది కదా.

గోదావరి జిల్లాల్లో మీరు లేని కాంప్లెక్సు లేదు. తణుకులో బట్టల షోరూముకి వెళ్లినా, పాలకొల్లులో ఫంక్షన్ హాలుకి వెళ్లినా, అమలాపురంలో లాడ్జికి వెళ్లినా సెల్లారులో బిల్డింగు మొత్తానికీ కరెంటు పంచే మెయిన్ ప్యానెల్ తలుపుకి పురికొసతో వేలాడుతూ మీరే దర్శనమిస్తారు. అట్ట మీద దసరానాటి బొట్టు ఇంకా ఉంటుంది. ఆయుధపూజకి ప్యానెల్‌కీ బొట్టు పెడతారు, నిమ్మకాయ కడతారు, దండ వేస్తారు. ఏడాది మొత్తంలో దాన్ని ఎవరైనా గుడ్డ పెట్టి తుడిచేది ఆ ఒక్క రోజే. అదీ తడిగుడ్డతో, కరెంటు ఉండగానే. అమ్మవారు చల్లగా చూస్తోంది కాబట్టి గడిచిపోతోంది.

మీలో నాకు బాగా నచ్చేది మీ నిలకడ. మూడు ఫేజుల మధ్యా వోల్టులు 415, 415, 415. మే నెల మధ్యాహ్నం ఊళ్లో ఏసీలన్నీ ఒక్కసారి ఆడుతూ ట్యూబులైట్లు మూలుగుతుంటే మీలో 415. తుపానుకి స్తంభాలు ఒరిగి ఊరంతా కొవ్వొత్తుల మీద ఉంటే మీలో 415. ఒకచోట ఏప్రిల్ 31న కూడా 415 ఉంది. క్యాలెండరులో లేని రోజున కూడా కరెంటు ఇచ్చిన ఘనత మీకే దక్కాలి. సొంత ట్రాన్స్‌ఫార్మరు ఉన్న బిల్డింగుల్లో ‘సిలికా జెల్ రంగు’ అని ఒక గడి ఉంటుంది. ఆ గుళికలు నీలంగా ఉంటే పొడిగా ఉన్నట్టు, గులాబీ రంగుకి తిరిగితే చెమ్మ పీల్చి నిండిపోయినట్టు, మార్చాలన్నట్టు. అందులో రాయాల్సింది ఒక రంగు పేరు. మీలో దానికీ ‘ఓకే’నే. ఆ రంగు ఏ దుకాణంలో దొరుకుతుందో నాకైతే తెలీదు.

‘వాసన ఏమైనా వస్తోందా’ అనే గడి సంగతి చెప్పాలి. బ్రేకర్లలో, హోల్డర్లలో వాడే కొన్ని రకాల ప్లాస్టిక్కు వేడెక్కితే చేపల నీచు లాంటి కంపు వస్తుంది. వేరే ఊళ్లో అయితే చీరల కొట్లో ఈ నీచేమిటని ఎవరో ఒకరు అనుమానపడి వెతుకుతారు. మా భీమవరంలో ఎవరు పట్టించుకుంటారండి? రొయ్యల ట్రేల వ్యాను పక్క సందులో ఆగిందేమో అనుకుంటారు. మరీ ఎక్కువైతే రెండు అగరొత్తులు వెలిగిస్తారు.

ఇక ‘కనెక్షన్లు బిగించబడినవా’ అనే గడి. మీలో అన్నిటికంటే ముఖ్యమైన గడి అదే, అన్నిటికంటే వేగంగా టిక్కు పడేదీ అదే. ప్యానెల్‌లో కరెంటు మోసే లోహపు పట్టీని బస్ బారు అంటాం; దాని దగ్గర లగ్గు, అంటే కేబులు చివర తొడిగే లోహపు తొడుగు, బోల్టు కాస్త వదులైందనుకోండి. అక్కడ రెసిస్టెన్సు పెరుగుతుంది, వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే ఆ వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. పగలు ఏసీలు నడిచినంతసేపూ అల్యూమినియం లగ్గు వ్యాకోచిస్తుంది. స్టీలు బోల్టు దానంతగా సాగదు కాబట్టి మధ్యలో లగ్గు నలుగుతుంది. రాత్రి షట్టర్లు దించాక చల్లబడి కుంచించుకుంటుంది, పట్టు ఇంకాస్త సడలుతుంది. ఆ సందులో అల్యూమినియానికి ఆక్సైడు పొర కడుతుంది. మర్నాడు వేడి ఇంకాస్త ఎక్కువ. ఇలా నెలల తరబడి, చప్పుడు లేకుండా. బ్రేకరు పడిపోయి కరెంటు ఆపదా అంటారేమో. అది చూసుకునేది తనలోంచి వెళ్లే కరెంటుని. కరెంటు మామూలుగానే ఉంది, ఎక్కడో అవతల బోల్టు దగ్గర ఇన్సులేషన్ మాడుతున్న సంగతి దానికెలా తెలుస్తుంది?

అదే వదులు బ్రేకరు సొంత టెర్మినల్ దగ్గరే ఉంటే కథ మరోలా ఉంటుంది. ఆ వేడి లోపల వేడికి వంగే బైమెటల్ పట్టీకి తగిలి, లోడు తక్కువున్నా బ్రేకరు పడిపోతుంది. అది పాపం మొత్తుకుని చెబుతోందన్నమాట. మనవాళ్లు ఏం చేస్తారు? "బ్రేకరు వీకైపోయిందండి" అని 63 ఆంపియర్లది తీసేసి 100 ఆంపియర్లది వేస్తారు. కేబులు మాత్రం పాతదే. మర్నాటి నుంచి ట్రిప్పింగు లేదు. ఓనరుగారు సంతోషించి కాఫీ తెప్పిస్తారు. మీలో ‘సమస్య పరిష్కరించబడినది’ అని ఎర్ర ఇంకుతో రాస్తారు.

బిగించడమంటే పళ్లు బిగబట్టి స్పానరు మీద వేలాడటం కూడా కాదు లెండి. ఏ సైజు బోల్టుకి ఎంత టార్కు అనేది తయారీదారు ఇచ్చిన కాగితంలో ఉంటుంది. టార్కు రెంచితో అంతవరకే బిగించి, బోల్టు మీదా పక్కన ప్లేటు మీదా కలిసేలా మార్కరుతో ఒక గీత గీస్తారు. గీత పక్కకి జరిగితే బోల్టు తిరిగిందని కంటికే తెలుస్తుంది. ఏటా ఇంకో చుట్టు, ఇంకో చుట్టు అని బలం చూపిస్తే బోల్టు సాగిపోతుంది, లగ్గు నలిగిపోతుంది. ఆ గీతలు నాకు చాలా తక్కువ ప్యానెళ్లలో కనిపించాయి. పాన్ మరకలు చాలా వాటిలో కనిపించాయి.

మిమ్మల్ని నింపడానికి వచ్చే కుర్రాడిని నేను తప్పుపట్టను. ఏడాది కాంట్రాక్టు ఎవరు తక్కువకి కోట్ చేస్తే వాళ్లకి. వాళ్లు పంపేది చేతిలో బ్లోయరుతో, ఫోనులో సగం చార్జింగుతో ఒక కుర్రాడిని. అతను తలుపు తీసి బర్రుమని ఊదుతాడు. రైసుమిల్లు ఉన్న వీధిలో అయితే ఊక ధూళి అంతా బయటికి రాదు, బ్రేకరు సందుల్లోకే వెళ్లి సర్దుకుంటుంది. వాక్యూమ్‌తో లాగాల్సింది అది. తర్వాత ఏదో స్ప్రే కొడతాడు. స్టిక్కరు అతికిస్తాడు. స్టిక్కరుతో కలిపి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. మధ్యాహ్నంలోపు ఇంకో రెండు బిల్డింగులు ఉన్నాయి అతనికి.

ఏసీబీ అనే పెద్ద బ్రేకరు సంగతి అడగనే వద్దు. ఆన్‌లో పెట్టిన రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోరు. లోపలి గ్రీజు గట్టిపడి మైనమైపోతుంది. నిజంగా షార్టయిన రోజున రెప్పపాటులో తెరుచుకోవాల్సింది, అక్కడే బిర్రబిగుసుకుని కూచుంటుంది. అప్పుడప్పుడూ ఆఫ్ చేసి ఆన్ చేయడం, స్ప్రింగు చార్జి అవుతోందో లేదో చూడటం, నిప్పురవ్వల్ని ఆర్పే ఆర్క్ చ్యూట్ విప్పి కాంటాక్టులు చూడటం, ఇదే దాని సేవ. కరెంటు లీకైతే వెంటనే ఆపే ఆర్‌సీసీబీ మీద ‘టెస్టు’ అని ఒక బుల్లి బటన్ ఉంటుంది. నొక్కితే ట్రిప్పవ్వాలి. మనుషుల ప్రాణాల కోసం పెట్టిన 30 మిల్లీ ఆంపియర్ల పరికరం అది. "నొక్కితే కంప్యూటర్లు ఆగిపోతాయండి" అని దాని మీద ప్లాస్టరు అతికించిన మేనేజరుని చూశాను.

మీ నివాసం గురించి నాలుగు మాటలు. మెయిన్ ప్యానెల్ లాంటి స్విచ్‌బోర్డు ముందు కనీసం 1 మీటరు ఖాళీ ఉండాలన్నది పాత నిబంధనల కాలం నుంచీ ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2023లో కొత్తగా వచ్చాయి కూడా. మన సెల్లారులో ఆ మీటరు జాగాలో చీరల అట్టపెట్టెలు, చిరిగిన ఆఫరు బ్యానర్లు, కిందటేడు వినాయకుడి పందిరి గుంజలు. రబ్బరు మ్యాటు వాచ్‌మన్ పడకకి వెళ్లింది. ఇసుక బకెట్లలో బీడీ ముక్కలు. షాకు కొడితే ఏం చేయాలో రాసిన చార్టు మీద దేవుడి క్యాలెండరు. డెల్టాలో నేల తవ్వితే నీరే కాబట్టి సెల్లారులోకి ఊట తప్పదు, దాన్ని తోడడానికి సంపు మోటారు ఉంటుంది. ఆ మోటారుకి కరెంటు వచ్చేది అదే సెల్లారులోని అదే ప్యానెల్ నుంచి. నీళ్లు ప్యానెల్‌ని ముంచితే మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే నీళ్లు ఇంకా పెరుగుతాయి. ఇంత అందమైన డిజైను గీసినవారికి సన్మానం చేయాలి. కేబుళ్లు వచ్చే కంతల్ని మూసే గ్లాండ్ ప్లేట్లు ఉండవు, ఎలుకలూ బల్లులూ స్వేచ్ఛగా వస్తాయి. బల్లి శాస్త్రంలో ఒంటి మీద ఎక్కడ పడితే ఏ ఫలమో ఉంది గానీ, రెండు బస్ బార్ల మధ్య పడితే ఏమిటో లేదు. మేం చెప్పగలం.

ఇదంతా రాస్తున్నది మీరు పనికిరారని కాదు. నిజంగా నింపితే మా దగ్గర మీకంటే గొప్ప పరికరం లేదు. ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు పెట్టి కేబులు చూస్తాం. ఎల్టీలో, అంటే మన 415 వోల్టుల సరఫరాలో, 1 మెగా ఓముకి తగ్గకూడదని పాత లెక్క. కానీ ఒక్క రీడింగుతో తెలిసేది తక్కువ. కిందటేడు 200, మొన్న 80, ఇవాళ 20 అని వరసగా ఉంటే, 1కి ఇంకా చాలా దూరం ఉన్నా, చెమ్మ ఎక్కడో దారి చేసుకుంటోందని తెలుస్తుంది. మా ఉప్పుగాలికి, ఈ చెమ్మకి, రాగికి చిలుము పట్టే ఈ నేలలో మేలోనూ ఆగస్టులోనూ ఒకే అంకె వచ్చిందంటే మెగ్గరు పెట్టెలోంచి బయటికి రాలేదనే అర్థం. మీ పని మార్పుని పట్టుకోవడం. మీలో మాత్రం ఏదీ మారదు.

కుర్రాడు అబద్ధం ఎందుకు రాస్తాడు? షట్‌డౌన్ ఇవ్వరు, అంటే పని కోసం కరెంటు ఆపనివ్వరు కాబట్టి. నేను ఓనర్లని అడిగి చూశాను. "ఆయ్, బానే ఆడుతుంది కదండీ, ఇప్పుడు దాన్ని కెలకడం ఎందుకంటారు?" అంటారు. సరే, ఎప్పుడు కెలకమంటారని అడిగితే పంచాంగం తెరుస్తారు. వైశాఖం పెళ్లిళ్లు. శ్రావణం వరలక్ష్మీ వ్రతాల చీరలు. ఆశ్వయుజం దసరా, దీపావళి. కార్తీకం వనభోజనాల బుకింగులు. పుష్యం సంక్రాంతి, హైదరాబాదు నుంచి అల్లుళ్లు దిగుతారు. మాఘం మళ్లీ పెళ్లిళ్లు. పోనీ ఆషాఢం శూన్యమాసం కదా, ఏ శుభకార్యమూ ఉండదు కదా అన్నాను. "భలేవారండీ! ఆషాఢం డిస్కౌంటు పెట్టేది అప్పుడే కదండీ" అన్నారు. లోడు మీద ఉండగానే థర్మల్ కెమెరాతో వేడి జాయింట్లు చూడొచ్చు, కరెంటు ఆపక్కర్లేదు, మధ్యాహ్నం ఏసీలన్నీ నడిచేటప్పుడే బాగా కనిపిస్తాయని చెప్పాను. "ఫొటోలకి డబ్బులేంటండీ?" అన్నారు.

కరెంటు ఆపలేమనే ఈ మాట అన్నది ఎక్కడ? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన ఈ డెల్టాలో. ఇక్కడ దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి 10 లక్షల ఎకరాలకి నీళ్లు ఆగిపోతాయి. ముందే చెబుతారు, ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. ఆ ఖాళీలో పూడిక, గుర్రపుడెక్క తీస్తారు, లాకుల తలుపులు చూస్తారు, గట్లు కడతారు. ఆ పనులు ఎంత బాగా చేస్తారన్నది వేరే గొడవ, దాని మీద ఏ టీకొట్టు దగ్గరైనా గంటసేపు వినొచ్చు. కానీ కట్టొద్దని ఎవరూ అనరు. ఇంత పెద్ద డెల్టా వారాల తరబడి షట్‌డౌన్ తీసుకోగలిగితే, మూడంతస్తుల కాంప్లెక్సు ఏడాదికి ఒక పూట తీసుకోలేకపోతోంది. ఆ కాంప్లెక్సు ఓనరుకే పాతిక ఎకరాల ఆయకట్టు ఉంటుంది. కాలువ ఆలస్యంగా కడితే పూడిక తీయడానికి టైము చాలదని మొదట గొడవపడేదీ ఆయనే.

అన్నట్టు, కాలువలు కట్టేసినప్పుడే ఎర్తింగు కోసం తవ్విన గోతుల్లో తడి ఆరుతుంది. ఒండ్రునేల కాబట్టి మామూలు రోజుల్లో రీడింగు బాగానే వస్తుంది. చూడాల్సింది మేలో, నేల బీటలిచ్చినప్పుడు. అప్పుడు నీళ్లు పోయాలి, పట్టీలు ఉప్పుకి తినేశాయేమో చూడాలి. గోతి మూత మాత్రం పార్కింగు టైల్స్ కింద ఎక్కడుందో మీకే తెలియాలి.

అందుచేత నేను కోరేది ఒక్కటే. చెట్ల కొమ్మలు కొట్టడానికో, లైను పనులకో ఫలానా రోజు ఫలానా ఫీడరుకి సరఫరా ఉండదని పేపర్లో జిల్లా పేజీలో వేస్తుంటారు. డబ్బు ఖర్చు లేని షట్‌డౌన్ అది. కాకపోతే మీ బిల్డింగులో కరెంటు పోయిన మరుక్షణం జనరేటరు ఎత్తుకుంటుంది, ప్యానెల్ మళ్లీ లైవు. ఆ రోజు జనరేటరుని రెండు గంటలు ఆపమని ఓనరుగారికి మీ మొదటి పేజీలో రాసి పెట్టండి. మెయిన్ స్విచ్చయిన ఇన్‌కమర్ ఆఫ్ చేసి తాళం వేస్తాను, టెస్టరుతో కాదు, మీటరుతో చూసుకుని, ఎర్త్ చేసుకుని మొదలుపెడతాను. టార్కు రెంచి, వాక్యూమ్, మెగ్గరు నావే. టిఫిను కూడా నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు
మీ విధేయుడు,
మీలో ఏనాడూ సంతకం చేసే వీలు దొరకని ఒక ఎలక్ట్రీషియన్

తా.క. ప్యానెల్ రూము తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మీలో ఎక్కడా రాసి లేదు. వాచ్‌మన్‌ని అడిగితే మేనేజరు అంటాడు, మేనేజరుని అడిగితే ఓనరుగారి బావమరిది అంటాడు, ఆయనేమో పెళ్లికి రాజమండ్రి వెళ్లారట. ఆ పేరు, ఫోను నంబరు మాత్రం ఈ వారంలోనే అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించండి.