గజిలియన్‌కు బీఐఎస్ ముద్ర ఏది?

కందిపప్పు పది గ్రాములు తగ్గితే కొట్టువాడికి జరిమానా వేస్తారు. ఇంగ్లీషువాళ్లు 'లెక్కలేనన్ని' అనడానికి జిలియన్లు, గజిలియన్లు నోటికొచ్చినట్టు కొలిచి పోస్తుంటే మాత్రం అడిగే ఇన్‌స్పెక్టరు లేడు.

తయారీకి లైసెన్సు కూడా అక్కర్లేదు. మిలియన్ నుంచి 'ఇలియన్' అనే తోక కోసుకుని, ముందు ఏదో ఒక హల్లు అతికిస్తే చాలు. జెడ్ పెడితే జిలియన్, జే పెట్టినా జిలియనే (తెలుగు లిపి ఈ మోసాన్ని ఎప్పుడో పట్టేసింది). బ్రిటన్ సరుకు స్క్విలియన్. ఇంకా పెద్దది కావాలంటే గజిలియన్, బజిలియన్. ఎంత పెద్దదని అడగడం అమర్యాద. తోక మాత్రం ఊడిపోకూడదు, బరువంతా అందులోనే ఉంది.

వాడేటప్పుడు దశాంశాలు తగలనివ్వకండి. 'రెండున్నర జిలియన్' అన్నారో, వినేవాడు లెక్క మొదలుపెడతాడు. 'సుమారు జిలియన్' మరీ ప్రమాదం; అసలు లెక్క పక్క గదిలో ఉందని ఒప్పుకున్నట్టే. అంప్టీన్ ('ఎన్నెన్నో') వేరే రకం. మోర్స్ సంకేతాల్లో గీతకు సైనికులు పెట్టుకున్న పేరు 'అంప్టీ'. దానికి థర్టీన్, ఫోర్టీన్‌ల తోక తగిలించారు. అందుకే దీనిలో పరిమాణం తక్కువ, విసుగు ఎక్కువ. 'అంప్టీన్త్ టైమ్ చెబుతున్నా' అన్న మనిషి చెప్పింది మూడోసారే కావచ్చు.

ఇలాంటి మాటకు ధర కట్టించబోయినవాడూ ఉన్నాడు. ఉత్తర కాలిఫోర్నియా కుర్రకారు 'బోలెడు' అనాల్సిన చోట వాడే 'హెల్లా'కు 1 పక్కన 27 సున్నాల విలువ ఖాయం చేయాలని 2010లో ఆస్టిన్ సెండెక్ అనే ఫిజిక్స్ విద్యార్థి అర్జీ పెట్టాడు. గూగుల్ క్యాలిక్యులేటర్ ఒప్పుకుంది కూడా. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ మాత్రం 2022 నవంబరులో ఆ కుర్చీని 'రొన్నా'కు ఇచ్చింది. కొలతలకు వాడే పొట్టి గుర్తుల్లో ఆర్ అక్షరం అప్పటికి ఖాళీగా ఉంది. హెచ్‌లో చిన్న అక్షరాన్ని హెక్టో (వంద రెట్లు), పెద్ద అక్షరాన్ని హెన్రీ (ఒక విద్యుత్ కొలమానం) ఎప్పుడో ఆక్రమించుకున్నాయి. ఇప్పుడు భూమి ద్రవ్యరాశి దాదాపు 6 రొన్నాగ్రాములు. ఈ మాటతో గొప్పలు పోయిన కుర్రాడు ఇంతవరకు ఎవరికీ తారసపడలేదు.

ఈ విషయంలో తెలుగువాళ్లం క్రమశిక్షణ గలవాళ్లం. మన 'సవాలక్ష'కు పైసాతో సహా లెక్కుంది: 1,25,000. అయినా సవాలక్ష సాకులు చెప్పిన ఉద్యోగిని 1,24,999 దగ్గర ఆపి మిగిలిన ఒక్కటీ చెప్పమన్న ఆడిటరు లేడు. 1,25,001వ సాకుకు ఏ శ్లాబు వర్తిస్తుందో జీవో రావలసి ఉంది.