డెల్టా హెచ్ పక్కన కూర్చునే మైనస్ గారికి

అయ్యా మైనస్ గారూ,

డెల్టా హెచ్ అంటే చర్యలో ఇచ్చిపుచ్చుకునే వేడి; వేడి బయటికి పోతే దాని విలువ ముందు మీరుంటారు. చూడబోతే అర సెంటీమీటరు లేరు. పేజీన్నర లెక్కను మాత్రం ఒక్క గీతతో ముంచేస్తారు.

మొన్న మీథేన్ దహనం లెక్క పెట్టుకున్నాను. సూత్రం నోటికొచ్చు: ఒక్కో పదార్థం దాని మూలకాల నుంచి ఏర్పడేటప్పటి వేడి రాసుకుని, క్రియాజన్యాల (చర్యలో పుట్టేవాటి) మొత్తంలోంచి క్రియాజనకాల (చర్యలో పాల్గొనేవాటి) మొత్తం తీసేయాలి. కార్బన్ డయాక్సైడ్‌కి మోల్‌కి -393.5 కిలోజౌల్స్. ద్రవరూపంలో ఉన్న నీటికి -285.8, అదీ రెండు మోల్స్. కలిపితే -965.1. ఆక్సిజన్ మూలకం కాబట్టి సున్నా, పాపం దానితో ఎప్పుడూ గొడవ లేదు. ఇక మిగిలింది మీథేన్, -74.8. తీసివేతకి ఒక మైనస్, మీథేన్ తన వెంట తెచ్చుకున్నది ఇంకో మైనస్. నా కంటికి ఒక్కరే ఆనారు. రావాల్సింది -890.3, నాకొచ్చింది -1039.9. మోల్‌కి 149.6 కిలోజౌల్స్ వేడిని పెన్సిల్‌తో పుట్టించేశాను! శక్తి నిత్యత్వ నియమం ఎటు పోయిందో మరి.

పోనీ, మీ పద్ధతికి అలవాటు పడదామంటే, బంధ శక్తుల దగ్గరికొచ్చేసరికి పార్టీ మార్చేస్తారు. అక్కడ క్రియాజనకాల్లోంచి క్రియాజన్యాలు తీసేయాలట. బంధం తెంచాలంటే శక్తి పెట్టాలి, ఏర్పడితే శక్తి బయటికొస్తుంది, అందుకని. కారణం న్యాయమైనదే, కాదనను. పరీక్ష హాల్లో కారణాలు ఎవరికి గుర్తుంటాయండీ?

అసలు ఒళ్లు మండేది కెలోరీమీటరు, అదే వేడి కొలిచే కప్పు దగ్గర. ఆమ్లంలో క్షారం పోశాను. కప్పు వెచ్చబడింది, థర్మామీటరు పైకెక్కింది. ద్రావణం బరువుని నీటి విశిష్టోష్ణం 4.18తో, పెరిగిన డిగ్రీలతో గుణించాను. అంతా ప్లస్సే. తీరా జవాబు రాసే వేళకి మీరొచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నీళ్లకి వచ్చింది చర్య పోగొట్టుకున్నదేనని మీ వాదన. చెయ్యి కాలింది నాదీ, నష్టం దానిదీనా!

దారి ఏదైనా మొత్తం మారదని 1840లో రసాయన శాస్త్రవేత్త హెస్ గారు చెప్పబట్టి సరిపోయింది. కార్బన్‌ని మోనాక్సైడ్ దగ్గరే ఆపి కాల్చడం కష్టం, కొంత డయాక్సైడ్ దాకా పోతుంది. అందుకే ఆ వేడిని నేరుగా కొలవకుండా, లెక్కలో రాబడతాం. ఇప్పుడు ఆ లెక్కే ముందేసుకున్నాను. మోనాక్సైడ్ కాలే సమీకరణం, -283.0. దాన్ని తిరగేశాను. అటువి ఇటు, ఇటువి అటు వచ్చేశాయి. మీరొక్కరే కదల్లేదు.

మీ నడుం మీద నిలువుగా ఓ గీత గీస్తున్నాను. కాస్త అలాగే ఉండండి.

ఇట్లు,
149.6 కిలోజౌల్స్ బాకీదారు