తుమ్ము శాస్త్రం

తుమ్మితే అపశకునమని పెద్దవాళ్లు ఎందుకన్నారో నాకు యాభై దాటాక గానీ బోధపడలేదు. బయల్దేరే ముందు ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లమనేవారు. ఆ కాసేపట్లో తుమ్మిన ఆవిడ లోపలికెళ్లి చీర మార్చుకునేదన్న సంగతి మాత్రం ఏ శకున శాస్త్రంలోనూ ఎక్కలేదు. రాసినవాళ్లు మగవాళ్లు, పాపం, వాళ్లకెలా తెలుస్తుంది?

దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా ఒంటేలు నాలుగు చుక్కలు పడిపోవడం మా వయసు వాళ్లలో చాలామందికి ఉన్నదే. కటి అడుగున ఊయలలా పరుచుకున్న కండరాలు కాన్పుల్లో సాగుతాయి, ముట్లుడిగాక ఇంకాస్త వదులవుతాయి. ఒళ్లు, మలబద్ధకం, ఏళ్లనాటి దగ్గు తలో చెయ్యీ వేస్తాయి. దీనికి విశాఖపట్నం ఆడవాళ్లం సొంతంగా కనిపెట్టిన వైద్యం ఉంది. ముదురు రంగు చీర కట్టడం, నవ్వించేవాళ్ల పక్కన కూర్చోకపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా నీళ్లు తాగకపోవడం. నీళ్లు తగ్గిస్తే ఒంటేలు చిక్కబడుతుంది, మూత్రాశయం చిరాకుపడి ఇంకా తొందరపెడుతుంది. అయినా సరే, మే నెల ఉక్కలో ఒక్క కాఫీ మీద రైతుబజార్ అంతా తిరిగొచ్చే ఆ నిష్ఠకి దండం పెట్టాల్సిందే.

మా పిన్ని సింహాచలం గిరి ప్రదక్షిణ మానేసి నాలుగేళ్లయింది. మోకాళ్ల నొప్పులని చెప్పింది, ఇంటిల్లిపాదీ నమ్మారు. నిజానికి 32 కిలోమీటర్లు ఇప్పటికీ అవలీలగా నడుస్తుంది. దారిలో బాత్రూమ్‌కి ఎక్కడ వెళ్లాలన్నదే ఆవిడ భయం. మోకాలు మర్యాదస్తురాలు. దాని మీద ఎన్ని నేరాలు మోపినా నోరెత్తదు.

వ్యాయామం విషయంలో మాత్రం మా ఊరిని ఎవరూ వేలెత్తి చూపలేరు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసి మరీ నడుస్తాం. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు చాపలు పరిచి, ప్రధానమంత్రి సమక్షంలో లక్షల మందిమి యోగా చేశాం. మెడకీ, నడుముకీ, ఆఖరికి ముక్కు రంధ్రాలకీ వాటి వాటి వంతు దక్కింది. చాప మీద ఆనిన ఆ ఒక్క భాగాన్ని పలకరించే ధైర్యం ఎవరికుంటుంది, మైకులో? అదే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామిని ఒడ్డుకెక్కించి టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నాం. నీళ్లు లోపలికి రాకుండా బిగించడంలో మా నేవీ ఊరికి సాటి లేదు. బయటికి పోకుండా బిగించడం సిలబస్‌లో లేదు, అంతే.

అసలు కటి అడుగు కండరాల ఈ బిగింపు మనకి తెలియనిదేమీ కాదు. హఠయోగంలో దీనికి దగ్గర చుట్టం ఉంది, మూలబంధం అంటారు. అది సాధిస్తే ముసలివాడు పడుచువాడవుతాడని పాతవాళ్లు రాశారు. మగవాడు చేస్తే యవ్వనం తిరిగొచ్చే విద్య, ఆడది చేస్తే నిశ్చింతగా తుమ్ముకునే విద్య. కోరికలో ఎవరు అత్యాశపరులో మీరే తేల్చండి.

1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు ఈ కండరాల వ్యాయామం గురించి పద్ధతిగా రాశాడు, ఆ పట్టుని కొలిచే పరికరం కూడా చేశాడు. అలా ఆయన పేరే దీనికి స్థిరపడింది. మా పక్కింటి వదినకి డాక్టరు చీటీ చివర 'కెగెల్' అని రాసి, "ఇది చేసుకోండమ్మా" అని గంట కొట్టి తర్వాతి పేషెంటుని పిలిచారట. వదిన తిన్నగా మందుల షాపుకెళ్లింది. ఆ కుర్రాడు చీటీ అటూ ఇటూ తిప్పి, "ఈ కంపెనీది రావట్లేదమ్మా, ఇలాంటిదే ఇంకోటి ఇవ్వనా?" అన్నాడు.

నవ్వొద్దు. 1991లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలనలో 47 మంది ఆడవాళ్లకి క్లుప్తంగా నోటితో చెప్పి చేయిస్తే సగం మందికి కూడా సరిగ్గా రాలేదు. పావు వంతు మంది చేసిన తీరు ఉన్న సమస్యని పెంచేలా ఉంది. పక్కనుండి చూసి దిద్దేవాళ్లు కావాలన్నమాట.

అందుకని మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఫిజియోథెరపిస్టుని పిలిపించాం. నోటీసు బోర్డు మీద ఏం రాయాలన్న దగ్గర గంట సేపు చర్చ జరిగి, చివరికి "లేడీస్‌కి మాత్రమే. విషయం: ఆరోగ్యం" అని తీర్మానమైంది. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని పదకొండు మందిమి కూర్చున్నాం. ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో, బెరుకన్నది లేదు.

"పెళ్లి భోజనంలో కూర్చున్నారు, గ్యాస్ వచ్చింది. ఏం చేస్తారు? ఆపుకుంటారు కదా? ఆ పట్టు, దాంతోపాటు ఒంటేలు ఆపుకునే పట్టు. రెండూ కలిపి లోపలికి, పైకి లాగండి."

పదకొండు జతల కనుబొమలు పైకి వెళ్లాయి.

"కనుబొమలు కాదు ఆంటీ, కింద." ఈసారి భుజాలు లేచాయి. వదిన పిరుదులు బిగించి కుర్చీలో రెండంగుళాలు ఎత్తు పెరిగింది. పిన్ని ఊపిరి బిగబట్టి ఎర్రబడిపోతే, "పైకి లెక్కపెట్టండి పిన్నిగారూ, అప్పుడు ఊపిరి ఆగదు" అంది. పిన్ని గట్టిగా ఒకటి, రెండు, మూడు అంటుంటే లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్ తొంగిచూశాడు.

ఎంత సేపు బిగిస్తే, తర్వాత అంత సేపూ వదలాలట. వదలడం మర్చిపోతే లెక్కలోకి రాదట. ఎనిమిదేసి సార్లు, రోజుకి మూడు పూటలా, తక్కువలో తక్కువ మూడు నెలలు. ఒంటేలు పోస్తూ మధ్యలో ఆపి సాధన చెయ్యకూడదు. మంటగానీ రక్తంగానీ కనిపిస్తే ముందు డాక్టరు దగ్గరికే. ఇక తుమ్మో దగ్గో వస్తోందని తెలియగానే, అది రాకముందే ఒక్క బిగింపు బిగించాలి. ఇది విన్నాక అందరం దొంగ దగ్గులు దగ్గి చూశాం. పదకొండో దగ్గుకి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత సెల్లార్‌లో ఏం జరిగిందో ఇక్కడ రాయను గానీ, నలుగురు గబగబా లిఫ్ట్ ఎక్కారు.

"లోపల ఏం నేర్పారమ్మా, అంత నవ్వులు?" అని అసోసియేషన్ ప్రెసిడెంటుగారు అడిగారు. యోగా అన్నాం. "మంచిది, మంచిది" అన్నారు.

మూడు నెలలు దాటి వారమైంది. నిన్న రాత్రి పదిన్నరకి పిన్ని ఫోన్. ఆ వేళప్పుడు ఫోనంటే గుండె జారిపోదూ?

"ఏటి పిన్నీ, ఈ టైములో?"

"ఇప్పుడే తుమ్మానే. వరసగా మూడు."

"అయితే?"

"అయితే ఏటీ లేదు. అదే చెబుదామని."